హారన్ మీద 8 ఓమ్స్ అని రాసుంటే నమ్మేయొద్దు

పోయిన సంచికలో స్పీకర్ బాక్సుల గురించి రాసాక వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా హారన్ క్రాస్‌ఓవర్ (అంటే కింది సౌండ్‌ని వూఫర్ అనే పెద్ద స్పీకర్‌కీ, పై సౌండ్‌ని హారన్‌కీ విడగొట్టి పంపే సర్క్యూట్) మీదే ఉన్నాయి, అందుకని ఈసారి మిగతావన్నీ పక్కనపెట్టి వీటికే కూర్చున్నా. కొన్ని ప్రశ్నలు మరీ పొడుగ్గా ఉంటే కాస్త కుదించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: సార్, నా దగ్గర 15 అంగుళాల వూఫర్ ఉంది, సెన్సిటివిటీ (ఒక వాటుకి ఎంత గట్టిగా మోగుతుందో ఆ లెక్క) 97 డీబీ. దాని పైన 1 అంగుళం కంప్రెషన్ డ్రైవర్ (హారన్ వెనక బిగించే, సౌండ్ పుట్టించే యూనిట్), హారన్‌తో కలిపి 107 డీబీ అని కాగితంలో ఉంది. రెండూ 8 ఓమ్సే. రెడీమేడ్ టూ వే బోర్డు పెట్టాను, 2500 హెర్ట్జ్, 8 ఓమ్స్ అని ఉంది. విప్పి చూస్తే హారన్ వైపు 3.9 మైక్రోఫారడ్ కండెన్సర్, 1 మిల్లీహెన్రీ కాయిల్ ఉన్నాయి. లెక్క వేసుకుంటే కరెక్టుగానే వచ్చింది. కానీ పాట పెడితే మనిషి గొంతు తగరపు డబ్బాలోంచి అరిచినట్టుంది. ఎవరో చెప్తే కండెన్సర్ 10 మైక్రో వేశాను, ఇంకా ఘోరంగా తయారైంది. బోర్డు తప్పా, నా చెవి తప్పా?

జవాబు: చెవి కరెక్టే. లెక్క కూడా కరెక్టే. తప్పల్లా ఆ లెక్కలో మీరు వేసిన 8 అనే అంకెది.

డ్రైవర్ వెనక స్టిక్కర్ మీద 8 ఓమ్స్ అని ఉంటుంది కదా, అది పేరుకే. మల్టీమీటర్ పెడితే కాయిల్ తీగ రెసిస్టెన్స్ 6 చిల్లర చూపిస్తుంది, కానీ సౌండ్ వచ్చేటప్పుడు డ్రైవర్ చూపించే ఇంపీడెన్స్, అంటే ఏసీ సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది. మామూలు ట్వీటర్‌కి ఆ గ్రాఫ్‌లో ఒక గుట్ట ఉంటుంది, అంతే. హారన్ తగిలించిన కంప్రెషన్ డ్రైవర్‌కి అలా కాదు, డయాఫ్రమ్ (లోపల ఊగే పల్చటి రేకు) సొంత రెజొనెన్స్ ఒకటి, హారన్ నోటి దగ్గర నుంచి వెనక్కి కొట్టుకొచ్చే గాలి వల్ల పుట్టే చిన్న చిన్న గుట్టలు మరికొన్ని, గ్రాఫ్ గీస్తే రంపం పళ్ళలా ఉంటుంది. ఒక చోట 7, ఇంకాస్త అవతల 20, కొన్ని డ్రైవర్లకి 30 కూడా దాటుతుంది. ఖర్మ ఏంటంటే ఈ గుట్టలు సరిగ్గా మనం క్రాస్‌ఓవర్ పెట్టుకునే ఏరియాలోనో, దాని పక్కనో ఉంటాయి.

మీ బోర్డునే తీసుకోండి. సిరీస్‌లో 3.9 మైక్రో, అడ్డంగా (అంటే పారలల్‌గా) 1 మిల్లీహెన్రీ, అవతల నిజంగా 8 ఓమ్స్ ఉంటే 2500 దగ్గర సౌండ్ 6 డీబీ తగ్గి ఉంటుంది, అది రెండు స్పీకర్లనీ క్రాస్‌ఓవర్ దగ్గర 6 డీబీ తగ్గించి కలిపే లింక్‌విట్జ్-రైలీ పద్ధతి, అలాగే ఉండాలి. ఇప్పుడు అదే చోట మీ డ్రైవర్ 20 ఓమ్స్ చూపించిందనుకోండి. ఫిల్టర్‌ని అదుపులో పెట్టే లోడు లేక 6 డీబీ తగ్గాల్సింది పోయి దాదాపు 2 డీబీ పెరుగుతుంది. మొత్తం 8 డీబీ తేడా! అది కూడా మనిషి గొంతులోని కరుకుదనం బయటపడే చోట. ఆ పైన డ్రైవర్ అసలే వూఫర్ కన్నా 10 డీబీ ఎక్కువ, బోర్డులో దాన్ని తగ్గించడానికి రెసిస్టెన్స్ కూడా లేదు. తగరపు డబ్బా కాక ఇంకేం వస్తుంది.

10 మైక్రో వేస్తే ఎందుకు ఘోరమైందో కూడా చూడండి. కాయిల్ అలాగే ఉంచి కండెన్సర్ ఒక్కటే పెంచారు, దాంతో ఫిల్టర్ 1600 హెర్ట్జ్ దగ్గరికి దిగింది, బాగానే ఉంది, కానీ ఆ రెండింటి నిష్పత్తి మారిపోయి 20 ఓమ్స్ లోడుకి అక్కడ 6 డీబీ గుట్ట లేస్తుంది. కండెన్సర్ మార్చినప్పుడల్లా కాయిల్ కూడా మార్చాలి, ఇది ఎవరూ చెప్పరు, ఎందుకంటే కండెన్సర్ మార్చడం తేలిక, కాయిల్ చుట్టడానికి బద్ధకం.

కాబట్టి ముందు చేయాల్సిన పని కొలవడం. హారన్ తగిలించే కొలవాలి, డ్రైవర్ని విడిగా టేబుల్ మీద పెట్టి కొలిస్తే వచ్చే గ్రాఫ్ వేరు, అది పనికిరాదు. కంప్యూటర్ సౌండ్ కార్డు, ఒక తెలిసిన రెసిస్టెన్స్, రెండు మూడు వైర్లు ఉంటే చాలు, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లోనే ఇంపీడెన్స్ కొలిచే సదుపాయం ఉంది. మల్టీమీటర్‌లో ఏసీ వోల్టులు పెట్టి కొలుద్దామనుకుంటే చౌక మీటర్లు కరెంటు లైను 50 హెర్ట్జ్ కోసం చేసినవి, కిలోహెర్ట్జ్ దాటాక ఏది చూపిస్తే అది నమ్మాల్సి వస్తుంది, వద్దు.

ఇంకో మాట, 2500 దగ్గరే కట్ చేయాలని రూలేం లేదు. 15 అంగుళాల వూఫర్‌ని 2500 దాకా తీసుకెళ్తే ఎదురుగా కూర్చున్నవాడికి ఒకలా, పక్కన కూర్చున్నవాడికి ఇంకోలా వినిపిస్తుంది, ఎందుకంటే అంత పెద్ద కోన్ అంత పైన టార్చిలైటులా సూటిగా కొడుతుంది. హారన్ ఒప్పుకుంటే 1200 దగ్గరికి దించండి. ఒప్పుకుంటుందా లేదా అనేదానికి ఒక మోటు లెక్క ఉంది: హారన్ నోటి చుట్టుకొలత ఎంతో అంత తరంగదైర్ఘ్యం దాకానే అది సరిగ్గా పని చేస్తుంది. గుండ్రటి నోరు 22 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చుట్టుకొలత 69, అంటే 500 హెర్ట్జ్. క్రాస్‌ఓవర్‌ని దానికి కనీసం ఒకటిన్నర రెట్లు, కుదిరితే రెండు రెట్లు పైన పెట్టండి. డ్రైవర్ కంపెనీవాళ్ళు ఇచ్చిన కనీస ఫ్రీక్వెన్సీ ఇంకా పైన ఉంటే దాన్నే పాటించండి. హారన్ పట్టు వదిలేసిన చోట డయాఫ్రమ్‌కి ఎదురు ఒత్తే గాలి ఉండదు, ఊరికే ఊగిపోతుంది, పల్చటి టైటానియం రేకు, ఎంతసేపు తట్టుకుంటుంది చెప్పండి.

1200కి 8 ఓమ్స్ లెక్కన లింక్‌విట్జ్-రైలీ సెకండ్ ఆర్డర్ (ఒక కండెన్సర్, ఒక కాయిల్ ఉండే ఫిల్టర్) విలువలు 8.3 మైక్రోఫారడ్, 2.1 మిల్లీహెన్రీ. అయితే ఇవి కూడా ఆ 8 నిజంగా 8 అయితేనే. దాన్ని 8 చేయడం ఎలాగో కింద జవాబులో ఉంది, అది కూడా మీకోసమే చదవండి.

ప్రశ్న: అన్నా, హారన్ సౌండ్ తగ్గించడానికి ఒకే ఒక రెసిస్టెన్స్ సిరీస్‌లో పెడితే సరిపోదా, ఎల్-ప్యాడ్ అని రెండు రెసిస్టెన్సులు ఎందుకు? ఎల్-ప్యాడ్ ఫిల్టర్‌కి ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? ఇంకోటి, ప్యాడ్ పెట్టాక గొంతు బాగుంది కానీ తాళాలు, గజ్జెలు మొత్తం మాయమైపోయినట్టున్నాయి.

జవాబు: తమ్ముడూ, మూడు ప్రశ్నలు అడిగావు కానీ మూడింటికీ ఒకే చోట జవాబుంది.

8 ఓమ్స్ డ్రైవర్‌ని 10 డీబీ తగ్గించాలంటే సిరీస్‌లో 5.5 ఓమ్స్, డ్రైవర్‌కి అడ్డంగా 3.7 ఓమ్స్. దగ్గర్లో దొరికే విలువలు 5.6, 3.9 వేసుకో, పెద్ద తేడా రాదు. ఇప్పుడు పెన్ను కాగితం తీసుకుని ఒక చిన్న లెక్క చెయ్యి. డ్రైవర్ 6 ఓమ్స్ చూపించినప్పుడు ఫిల్టర్‌కి కనపడే మొత్తం లోడు ఎంత? సుమారు 7.8. డ్రైవర్ 20కి ఎగిరినప్పుడు? 8.6. అంతే! అక్కడ డ్రైవర్ మూడు రెట్లు పైకి ఎగిరినా ఇక్కడ ఫిల్టర్‌కి తెలిసింది ఓమ్ కన్నా తక్కువ. 30కి ఎగిరినా 8.8 దాటదు. ఆ అడ్డంగా ఉన్న 3.7 ఓమ్స్ పెద్దమనిషిలా మధ్యలో కూర్చుని గొడవంతా సర్దేస్తుంది. పై జవాబులో 8ని నిజంగా 8 చేయాలన్నాను కదా, ఇదే ఆ పని.

అందుకే ప్యాడ్ ఎప్పుడూ ఫిల్టర్ తర్వాత, డ్రైవర్‌కి ముందు. ఫిల్టర్‌కి ముందు పెడితే సౌండ్ తగ్గుతుంది కానీ ఫిల్టర్ మళ్ళీ ఆ రంపం పళ్ళనే చూస్తుంది. ఒక్క సిరీస్ రెసిస్టెన్స్‌తో తగ్గిస్తే ఇంకా తమాషా, డ్రైవర్ ఇంపీడెన్స్ ఎక్కువున్న చోట తక్కువ తగ్గుతుంది, తక్కువున్న చోట ఎక్కువ తగ్గుతుంది, అంటే ఇంపీడెన్స్ గ్రాఫ్‌లో ఉన్న గుట్టలన్నీ సౌండ్‌లోకి దిగుతాయి.

వాట్ల సంగతి చాలామంది మర్చిపోతారు. 10 డీబీ తగ్గించడం అంటే పదింట తొమ్మిదొంతుల పవర్‌ని వేడి చేసి పారేయడం. హారన్ వైపుకి 10 వాట్లు వెళ్తే సిరీస్ రెసిస్టెన్స్ 6.8 వాట్లు తింటుంది, అడ్డంగా ఉన్నది 2.2, డ్రైవర్‌కి చేరేది 1 వాటు. నా మొదటి జతకి 5 వాట్ల సిమెంటు రెసిస్టెన్స్ వేసి, కదలకుండా బోర్డుకి గ్లూ గన్‌తో అంటించాను. గంటన్నర గట్టిగా పాడాక హారన్‌లోంచి ఒక వాసన, వెనక ప్లేటు విప్పి చూస్తే గ్లూ మొత్తం తేనెలా కారి కాయిల్ మీద పడింది, రెసిస్టెన్స్ రెండు కాళ్ళ మీద వేలాడుతోంది, ముట్టుకుంటే వేలు కాలింది. ఇప్పుడు సిరీస్‌ది 20 వాట్లదే వేస్తాను, లేదా 11 ఓమ్స్‌వి రెండు పక్కపక్కన కలుపుతాను, బోర్డు నుంచి అర అంగుళం పైకి లేపి మరీ సోల్డర్ చేస్తాను. అడ్డంగా ఉన్నదానికి 10 వాట్లు చాలు.

ఇక మాయమైన గజ్జెలు. అవి ప్యాడ్ వల్ల పోలేదు, ముందు నుంచీ తక్కువే, ఇప్పటిదాకా మధ్య సౌండ్ అరుపులో తెలియలేదు అంతే. కంప్రెషన్ డ్రైవర్ బయటికి వదిలే మొత్తం శక్తి సుమారు 3500 హెర్ట్జ్ దాటాక ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ రెట్టింపయిన ప్రతిసారీ) 6 డీబీ చొప్పున పడిపోతుంది, డయాఫ్రమ్‌కీ కాయిల్‌కీ ఉన్న బరువు వల్ల. పాత రకం ఎక్స్‌పొనెన్షియల్ హారన్లు పైకి వెళ్ళేకొద్దీ సౌండ్‌ని సన్నటి కిరణంలా చేసి ముందుకే కొడతాయి, అందుకని ఎదురుగా ఉన్నవాడికి ఆ లోటు తెలియదు, పక్కనున్నవాడికే తెలుస్తుంది. 1975లో ఎలక్ట్రో-వాయిస్ కంపెనీలో డాన్ కీల్ అనే ఇంజినీర్ అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకే వెడల్పులో పంచే హారన్ డిజైన్ బయటికి తెచ్చాడు, కాన్‌స్టంట్ డైరెక్టివిటీ అంటారు. ఇవాళ వచ్చే చాలా హారన్లు ఆ దారిలో వచ్చినవే. వీటిలో ఉన్న సౌండ్ అందరికీ సమానంగా పంచబడుతుంది కాబట్టి ఆ లోటు కూడా అందరికీ సమానంగా వినపడుతుంది. దాన్ని మనమే క్రాస్‌ఓవర్‌లో పూడ్చాలి.

పూడ్చేది ఎలా? ప్యాడ్‌లో సిరీస్ రెసిస్టెన్స్ ఉంది కదా, దాని నెత్తిన, అంటే పారలల్‌గా, ఒక కండెన్సర్ వెయ్యి. 8.2 మైక్రో వేస్తే 3500 దగ్గర నుంచి సౌండ్ మెల్లగా లేస్తుంది, పైకి వెళ్ళేకొద్దీ కండెన్సర్ రెసిస్టెన్స్‌ని దాటేసి నేరుగా పంపించేస్తుంది. మంచి ఉపాయమే కానీ ఒక మెలిక ఉంది. బాగా పైన 5.5 ఓమ్స్ లేనట్టే అవుతుంది, అప్పుడు యాంప్‌కి కనపడేది 3.7కి పక్కన 8, అంటే రెండున్నర ఓమ్స్! సంగీతంలో అంత పైన పవర్ తక్కువే కాబట్టి చాలా యాంప్లు ఏమీ అనవు, కానీ నీ యాంప్ 4 ఓమ్స్‌కి కిందికి దిగొద్దని వెనక రాసి ఉంటే ఆ సాహసం చేయకు. కండెన్సర్‌కి సిరీస్‌లో 2.2 ఓమ్స్ ఒకటి పెట్టు. అప్పుడు అడుగున 4 ఓమ్స్ దగ్గర ఆగుతుంది, ట్రెబుల్ కూడా 10కి బదులు ఆరు డీబీ దాకా లేచి అక్కడ నిలబడుతుంది, నా చెవికైతే ఇల్లంత గదిలో అదే హాయి. మొదట 4.7 మైక్రోతో మొదలుపెట్టి విను, చాలకపోతే పెంచు. ఇంకా ఎక్కువ వేస్తే "స" అక్షరం పలికినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టు ఉంటుంది, అప్పుడు నీకే తెలుస్తుంది.

ప్రశ్న: లింక్‌విట్జ్-రైలీ సెకండ్ ఆర్డర్ పెడితే హారన్ ప్లస్ మైనస్ తిప్పి కలపాలని చదివాను. తిప్పి కలిపితే సౌండ్ మధ్యలో గుంట పడింది, మామూలుగా కలిపితే బాగుంది. పుస్తకంలో తప్పుందా అండీ? నా హారన్ లోతు 25 సెంటీమీటర్లు, క్రాస్‌ఓవర్ 1200.

జవాబు: పుస్తకంలో తప్పు లేదండీ. రెండు స్పీకర్ల సౌండ్ ఒకే చోటు నుంచి బయల్దేరుతుందనుకుని రాసిన మాట అది. మీ హారన్ ఆ మాట వినదు.

సౌండ్ పుట్టేది హారన్ నోటి దగ్గర కాదు, లోపల గొంతు అవతల ఉన్న డయాఫ్రమ్ దగ్గర. అది బాక్స్ ముందు పలక నుంచి 25 సెంటీమీటర్లు వెనక ఉంది. వూఫర్ కోన్ కూడా కొంచెం లోపలికే ఉంటుంది, దానికి ఒక 8 తీసేద్దాం, ఇంకా 17 మిగిలింది. 1200 హెర్ట్జ్ తరంగం పొడవు 28.7 సెంటీమీటర్లు. అంటే హారన్ సౌండ్ సగం తరంగం కన్నా కాస్త ఎక్కువే వెనకబడి వస్తోంది, డిగ్రీల్లో చెప్తే 213. సెకండ్ ఆర్డర్ ఫిల్టర్లు రెండూ వాటంతట అవి పెట్టే తేడా 180. ఆ 180ని సరిచేయడానికే వైరు తిప్పమన్నారు. కానీ మీ హారన్ లోతు ఆ తిప్పడం ఏదో తనే తిప్పేసింది! మళ్ళీ మీరు వైరు తిప్పితే మొదటికొచ్చింది. తిప్పకుండా కలిపితే మిగిలిన తేడా 33 డిగ్రీలు, దానివల్ల పోయేది అర డీబీ కూడా ఉండదు. హాయిగా అలాగే ఉంచుకోండి.

ఎవరైనా సరే పుస్తకం చూసి పోలారిటీ ఖాయం చేయొద్దు. బాక్స్ కట్టాక మీరు కూర్చునే ఎత్తులో, కూర్చునే దూరంలో మైకు పెట్టి క్రాస్‌ఓవర్ ఫ్రీక్వెన్సీ టోన్ వదలండి, హారన్ వైర్లు ఇటూ అటూ మార్చి చూడండి. ఏ కనెక్షన్‌లో సౌండ్ బాగా లోతుగా పడిపోతుందో కనిపెట్టి దానికి ఉల్టా కలపండి. గుంట ఎంత లోతుగా పడితే అంత బాగా కుదిరినట్టు, ఇటు తిప్పినా అటు తిప్పినా పెద్దగా తేడా లేకపోతే మాత్రం 90 డిగ్రీల దగ్గర ఇరుక్కున్నారన్నమాట. అప్పుడు హారన్‌ని బాక్స్ నెత్తిన విడిగా పెట్టి రెండు మూడు సెంటీమీటర్లు ముందుకీ వెనక్కీ జరుపుతూ వెతకాలి. పాత థియేటర్ స్పీకర్లలో హారన్ బాక్స్ మీద విడిగా కూర్చుని ఉండటానికి ఉన్న సౌకర్యాల్లో ఇదొకటి.

అన్నట్టు పాత జేబీఎల్ డ్రైవర్లు వాడేవాళ్ళు జాగ్రత్త, వాటిలో ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే కోన్ లోపలికి వెళ్తుంది, మిగతా కంపెనీలకి ఉల్టా. వేరే కంపెనీ వూఫర్‌తో కలిపి బుర్ర బద్దలు కొట్టుకున్నవాళ్ళని చూశాను.

ఇక ఈ ఆలస్యం చెవికి తెలుస్తుందా అంటే 17 సెంటీమీటర్లు అంటే అర మిల్లీసెకను, దాన్ని ఆలస్యంగా ఎవరూ వినలేరు, ఫేజ్ గొడవే తప్ప. అడుగుల లెక్కలో తేడా వస్తే మాత్రం తెలుస్తుంది. 1930ల్లో ఎమ్‌జీఎమ్ స్టూడియోలో ఎలియనార్ పావెల్ అనే నటి ట్యాప్ డాన్స్ వేస్తుంటే ఒక్కో అడుగూ రెండుసార్లు వినపడిందని, బేస్ హారన్ మరీ పొడుగై దాని సౌండ్ వెనకబడుతోందని అప్పుడు కనిపెట్టారని, ఆ తలనొప్పిలోంచే అక్కడి సౌండ్ ఇంజినీర్లు డగ్లస్ షియరర్, జాన్ హిలియర్డ్ వాళ్ళ థియేటర్ హారన్ పుట్టిందని ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రశ్న: మా పీఏ (సభల్లో వాడే) బాక్సు రిపేరుకి విప్పితే క్రాస్‌ఓవర్ బోర్డు మీద కారు బల్బులాంటిది సోల్డర్ చేసి ఉంది. ఎవరైనా వెలుగు కోసం పెట్టారా? తీసేయొచ్చా?

జవాబు: తీసేయకండి బాబూ, మీ డయాఫ్రమ్ ప్రాణం దాని చేతిలో ఉంది. చల్లగా ఉన్నప్పుడు బల్బు ఫిలమెంటు రెసిస్టెన్స్ చాలా తక్కువ, ఉన్నట్టే తెలియదు. యాంప్ మరీ గట్టిగా తోసినప్పుడు ఫిలమెంటు వేడెక్కి రెసిస్టెన్స్ పది రెట్ల దాకా పెరిగి హారన్‌కి వెళ్ళే పవర్‌ని తనే మింగేస్తుంది. ప్రోగ్రాం మధ్యలో బాక్స్ లోపల ఎర్రగా వెలుగుతుంటే వాల్యూమ్ తగ్గించమని అర్థం. మాడిపోతే అదే వోల్టులు, అదే వాట్లు ఉన్న బల్బే వేయండి, తీగ ముక్కతో కలిపేశారో, రెండో రోజుకి డయాఫ్రమ్ కొనాల్సి వస్తుంది.

ప్రశ్న: పీజో హారన్‌కి కండెన్సర్ పెట్టి కింద ఫ్రీక్వెన్సీలు ఆపుదామంటే ఏ విలువ పెట్టినా ఆగట్లేదు. సౌండ్ మొత్తం తగ్గుతోంది అంతే.

జవాబు: ఆగదు మరి, పీజో (కాయిల్, అయస్కాంతం లేకుండా వోల్టేజీకి వంగే సెరామిక్ బిళ్ళ) అనేదే ఒక కండెన్సర్. కండెన్సర్ వెనక కండెన్సర్ పెడితే వోల్టేజీని పంచుకుంటాయి తప్ప ఫిల్టర్ అవ్వదు. పీజో రెండు కాళ్ళకీ అడ్డంగా 8 ఓమ్స్ రెసిస్టెన్స్ ఒకటి కలపండి, అప్పుడు అది 8 ఓమ్స్ స్పీకర్‌లా నటిస్తుంది, మామూలు లెక్క ప్రకారం కండెన్సర్ వేసుకోవచ్చు. రెసిస్టెన్స్ వాట్లు మాత్రం దండిగా ఉండాలి. పీజోకి సిరీస్‌లో ఇంకో 22 ఓమ్స్ వేస్తే యాంప్‌కి కూడా నిమ్మళం.

ప్రశ్న: పాత క్లిప్ష్ కంపెనీ స్పీకర్ల క్రాస్‌ఓవర్ ఫోటోల్లో ఎల్-ప్యాడ్ లేదు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అది మేలైనదా? రెసిస్టెన్స్‌లో పవర్ వేడి అయిపోవడం నాకెందుకో మనసొప్పట్లేదు.

జవాబు: దాన్ని ఆటోఫార్మర్ అంటారు, ఒకే చుట్టలోంచి మధ్య మధ్యలో ట్యాపులు బయటికి తీస్తారు. 6 డీబీ ట్యాపులో పెడితే డ్రైవర్‌కి వెళ్ళే వోల్టేజీ సగం, కానీ పవర్ ఎక్కడా కాలిపోదు, ఎందుకంటే ఫిల్టర్ వైపు నుంచి చూస్తే అదే డ్రైవర్ 8కి బదులు 32 ఓమ్స్‌లా కనపడుతుంది. 10 డీబీ తగ్గిస్తే 80 ఓమ్స్. అందుకే ఆ క్రాస్‌ఓవర్లలో కండెన్సర్లు అంత చిన్నగా ఉంటాయి. ఆ రోజుల్లో యాంప్ అంటే పట్టుమని పది వాట్లు, ఒక్క వాటు పారేయడానికి కూడా ఎవరికీ మనసొప్పేది కాదు, మీలాగే.

అయితే డ్రైవర్ సరిగ్గా ప్రవర్తించకపోతే ఇది ఏమీ సర్దదు. 8 వచ్చి 80 అయినట్టే 20 వచ్చి 200 అవుతుంది, రంపం పళ్ళు అలాగే ఉంటాయి, పెద్దవై ఉంటాయి. దానికి కొందరు ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్‌కి అడ్డంగా 10 ఓమ్స్ రెసిస్టెన్స్ వేస్తారు, అప్పుడు 80 కాస్తా 8.9, 200 కాస్తా 9.5 అవుతుంది, ఫిల్టర్ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. ట్యాపు మార్చి హారన్ సౌండ్ పెంచినా తగ్గించినా క్రాస్‌ఓవర్ ఫ్రీక్వెన్సీ దాదాపు కదలదు, అది చాలా పెద్ద సుఖం. కానీ చూశారా, పవర్ మళ్ళీ ఆ 10 ఓమ్స్‌లో కాలుతూనే ఉంది. మంచి ఆటోఫార్మర్ దొరికి, ట్యాపులు మార్చి మార్చి వినే ఓపిక ఉంటే చేయండి. మొదటిసారి చేసేవాళ్ళకి నా ఓటు ఎల్-ప్యాడ్‌కే.

ప్రశ్న: కాయిల్ గాలి కోర్ మంచిదా, ఇనుప కోర్ మంచిదా? ఖరీదైన కండెన్సర్లు పెడితే తేడా తెలుస్తుందా? అసలు ఇదంతా ఎందుకు, సౌండ్‌ని యాంప్‌కి ముందే విడగొట్టి, రెండు యాంప్లు పెట్టి యాక్టివ్ చేసుకోమంటున్నారు మా వాళ్ళు.

జవాబు: హారన్ వైపు కాయిల్ గాలి కోరే, దాని గురించి ఆలోచించక్కర్లేదు. వూఫర్ వైపు కరెంటు ఎక్కువ, సన్న తీగతో చుట్టిన గాలి కోర్ వేస్తే తీగ రెసిస్టెన్స్ అర ఓమ్ ఉన్నా వూఫర్ అర డీబీ తగ్గుతుంది, బేస్ పట్టు కూడా కాస్త సడలుతుంది. లావు తీగ వేయండి, లేదా పెద్ద సైజు ఇనుప కోర్ వేయండి, చిన్న ఇనుప కోర్ మాత్రం గట్టిగా వాయించినప్పుడు నిండిపోయి, అంటే సాచురేట్ అయి, సౌండ్ చిట్లుతుంది. రెండు కాయిళ్ళు పక్కపక్కన ఒకే దిక్కుకి పడుకోబెట్టకండి, ఒకటి నిలబెట్టి ఒకటి పడుకోబెట్టండి, వీలైనంత దూరంగా, లేదంటే వూఫర్ సిగ్నల్ హారన్ కాయిల్‌లోకి దూరుతుంది.

వూఫర్‌కి ఇంకో చిన్న పని ఉంది. పైకి వెళ్ళేకొద్దీ దాని ఇంపీడెన్స్ పెరుగుతూ పోతుంది, అక్కడ కూడా 8 అబద్ధమే. తీగ రెసిస్టెన్స్ 6, ఇండక్టెన్స్ 1 మిల్లీహెన్రీ ఉన్న వూఫర్‌కి 7.5 ఓమ్స్, 18 మైక్రో రెండూ సిరీస్‌లో కలిపి వూఫర్‌కి అడ్డంగా వేస్తే సమంగా ఉంటుంది, జోబెల్ అంటారు దీన్ని. ఇది లేకుండా వూఫర్ ఫిల్టర్ లెక్కలు వేయడం దండగ.

కండెన్సర్లు హారన్‌కి సిరీస్‌లో ఉండేది పాలీప్రొపిలీన్ వేయండి, 250 వోల్టులది ఏ మామూలు కంపెనీదైనా పర్లేదు. ఎలక్ట్రోలైటిక్‌వి ఏళ్ళు గడిచేకొద్దీ విలువ జారిపోతాయి, పాత బాక్సుల్లో సౌండ్ మారిపోవడానికి అదో కారణం. జోబెల్‌లో అయితే ఎలక్ట్రోలైటిక్ నాన్‌పోలార్ వేసినా నేనేం అనను. బంగారం రంగు డబ్బాలో వచ్చే కండెన్సర్ల డబ్బుతో ముందు ఒక కొలిచే మైకు కొనుక్కోండి.

యాక్టివ్ మంచిదే, వాదించను. ఆలస్యం, ఈక్వలైజేషన్ అన్నీ బటన్ మీద వస్తాయి. కానీ 107 డీబీ డ్రైవర్‌ని యాంప్‌కి నేరుగా కలిపి, రాత్రి ఇల్లు సద్దుమణిగాక పాట ఆపి, హారన్ ముందు కూర్చోండి. యాంప్ సొంత గుసగుస సుయ్‌మని వినపడుతూనే ఉంటుంది. ప్యాసివ్‌లో (యాంప్ తర్వాత విడగొట్టే మన పద్ధతిలో) ఆ ప్యాడ్ పాటతో పాటు దాన్ని కూడా 10 డీబీ తొక్కేస్తుంది. యాక్టివ్ చేసినా చాలామంది మళ్ళీ హారన్ ముందు ఎల్-ప్యాడ్ పెట్టుకునేది అందుకే. పెట్టుకోకపోయినా ఒక్క పని తప్పకుండా చేయండి, డ్రైవర్‌కి సిరీస్‌లో 30 మైక్రో దాకా ఒక కాపలా కండెన్సర్ వేయండి, కొలతలు తీసేటప్పుడు కూడా. యాంప్ ఆన్ చేసినప్పుడు వచ్చే ఆ "ధబ్" ఒక్కటి చాలు. నేను అలా ఒక డయాఫ్రమ్ పోగొట్టుకున్నాను, స్విచ్ వేసిన క్షణంలో చిన్న "టిక్", అంతే, ఆ తర్వాత హారన్‌లోంచి సుయ్‌మనే చప్పుడు కూడా లేదు.